హైస్కూల్ ల్యాబ్‌లో పాత కోర్ 2 డ్యుయో సిస్టమ్‌లు: లైనక్స్‌తో ఇంకొన్నేళ్లు నడపాలంటే ఏం చేయాలి?

నర్సంపేట_ల్యాబ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నర్సంపేట దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ ల్యాబ్ గురించి అడుగుతున్నాను. మొత్తం 12 డెస్క్‌టాప్‌లు ఉన్నాయి.

ఏడింట్లో జీ41 బోర్డు, కోర్ 2 డ్యుయో ఈ7500, 2 జీబీ డీడీఆర్3 ఒకే స్టిక్, 320 జీబీ హార్డ్‌డిస్క్. నాలుగింట్లో జీ31 బోర్డు, పెంటియం డ్యుయల్ కోర్ ఈ5200, 1 జీబీ డీడీఆర్2, 160 జీబీ డిస్క్. మిగిలిన ఒకటి 512 ఎంబీ ర్యామ్‌తో పెంటియం 4. అన్నిట్లో విండోస్ 7 ఉంది. రెండింటికి విండోస్ 10 ఎక్కించి చూస్తే డెస్క్‌టాప్ వచ్చాక కూడా డిస్క్ లైటు ఆరట్లేదు, బ్రౌజర్ తెరిస్తే మౌస్ కూడా కదలదు.

పిల్లలకు కావలసింది: తెలుగు, ఇంగ్లిష్ టైపింగ్, లిబ్రే ఆఫీస్, కొంచెం పైథాన్, టీ-శాట్ (తెలంగాణ ప్రభుత్వ విద్యా చానెల్) పాఠాలు చూడటం. ఆఫీసు పనికి ప్రింటింగ్ (హెచ్‌పీ 1020 ఒకటి, కెనాన్ ఎల్‌బీపీ 2900బీ ఒకటి). డబ్బు పరిమితం, అన్నిటికీ ఎస్‌ఎస్‌డీలు కొనలేం. ఏ లైనక్స్ వేయాలి, ముందు ర్యామ్ పెంచాలా ఎస్‌ఎస్‌డీ వేయాలా? ఒక్కో సిస్టమ్ మీద విడివిడిగా కూర్చోకుండా పని అయ్యే దారి చెప్పండి.


హన్మకొండ_బెంచ్

సార్, ఏ లైనక్స్ అనేది తర్వాత చూద్దాం. ముందు ఈ పన్నెండింట్లో ఖర్చు పెట్టదగినవి ఏవో తేల్చండి. చెడిపోయిన డిస్క్ మీద ఎంత తేలికైన లైనక్స్ వేసినా ఆగి ఆగే నడుస్తుంది, మనం లైనక్స్‌ను తిడతాం.

ప్లగ్ తీసేసి మూత తెరవండి. మన దగ్గర వేసవి ఎండకు తోడు దుమ్ము, పత్తి సీజన్‌లో గాలిలో ఎగిరే నూగు హీట్‌సింక్ రెక్కల మధ్య చేరి పొరలా అట్టకడుతుంది. పైన ఫ్యాన్ శుభ్రంగానే కనిపిస్తుంది, దాని కిందే గాలి ఆడదు. ఫ్యాన్‌ను విప్పి తీసి ఆ పొరను బ్రష్‌తో లాగాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, గాలికి అదుపు లేకుండా తిరిగితే బేరింగ్ పోతుంది. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) డబ్బా మాత్రం విప్పవద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది. బయటి నుంచే బ్లోయర్ కొట్టండి, చాలు.

ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ ఈపాటికి ఎండి సున్నంలా రాలుతుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో వడ్ల గింజంత కొత్త పేస్ట్ పెట్టండి, కూలర్ ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. ఈ 775 సాకెట్ కూలర్లతో అసలు తంటా నాలుగు మూలల పుష్‌పిన్లది. ఎదురెదురు మూలలు జతగా నొక్కాలి, నాలుగూ టక్కుమని పడాలి. ఒక్కటి వదులైనా సిస్టమ్ ఆన్ అయి కాసేపటికే ఆగిపోతుంది, చాలామంది అది బోర్డు పోయిందనుకుంటారు. బోర్డు వెనక వైపు నుంచి చూసి నాలుగు నల్ల పిన్నులూ పూర్తిగా దిగాయో లేదో నిర్ధారించుకోండి.

ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బినవి, గోధుమ రంగు జిగురు కారినవి ఉంటే ఆ బోర్డు మీద రూపాయి పెట్టకండి. దాని ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, డిస్క్ పక్క సిస్టమ్‌కు పనికొస్తాయి. ఇలా భాగాలు మార్చినప్పుడు స్టాక్ రిజిస్టర్‌లో ఏ సిస్టమ్ నుంచి ఏది ఎక్కడికి పోయిందో రాయించండి, తర్వాత ఆడిట్‌లో మీకే ఇబ్బంది రాకుండా.

తర్వాత డిస్క్‌లు. ఏదైనా లైవ్ లైనక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్క్ ఆరోగ్యం చూపించే జీస్మార్ట్‌కంట్రోల్ తెరవండి. నాలుగు వరుసలు చూస్తే చాలు. 5వ నంబరు (రీఅలొకేటెడ్ సెక్టార్లు), 197 (పెండింగ్ సెక్టార్లు), 198 (సరిచేయలేనివి) ముడి విలువ సున్నా ఉండాలి. 197 సున్నా కాకపోతే ఆ డిస్క్‌ను ల్యాబ్‌లో వాడకండి. 5లో కొద్ది అంకె ఉండి అది పెరగకుండా నిలిచి ఉంటే పిల్లల ప్రాక్టీసుకు పెట్టుకోవచ్చు. నాలుగోది 199, సీఆర్‌సీ ఎర్రర్లు. ఇది పెరుగుతుంటే తప్పు చాలాసార్లు డిస్క్‌ది కాదు, సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చి మళ్లీ చూడండి. పాత అంకె అలాగే ఉంటుంది, కొత్తగా పెరగకపోతే బాగైనట్టే.

పెంటియం 4ను వదిలేయండి. కరెంటు తాగుతుంది, వేడి ఎక్కువ, ఇప్పటి వెబ్‌సైట్ ఒక్కటి కూడా సరిగా తెరవదు. పిల్లలకు లోపలి భాగాలు విప్పి చూపించడానికి మాత్రం అంతకన్నా మంచిది దొరకదు. ఆఖరికి తీసేసేటప్పుడు పాత ఇనుప సామాన్ల వాళ్లకు కాకుండా, కాలుష్య నియంత్రణ మండలిలో నమోదైన ఈ-వేస్ట్ రీసైక్లర్‌కే ఇవ్వాలి. 2022 ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి.

డబ్బు విషయంలో నా లెక్క: జీ41 ఏడింటికీ ముందు ర్యామ్ 4 జీబీ చేయండి. మిగిలిన డబ్బుతో ఎన్ని వస్తే అన్ని 120 లేదా 128 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలు తెచ్చి, డిస్క్ చెడిన సిస్టమ్‌లకు ముందు వేయండి. జీ41 పక్కన ఉండే ఐసీహెచ్7 చిప్ సాటా 2 వేగమే ఇస్తుంది, ఎస్‌ఎస్‌డీ మీద రాసిన 500 ఎంబీ వేగం రాదు. అయినా పర్వాలేదు. పాత డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద సార్లో, కొంచెం అటూఇటుగానో చదవగలదు. ఎస్‌ఎస్‌డీకి అది వేలల్లో ఉంటుంది. మీకు తెలిసే తేడా అంతా అక్కడే.


ఖని_చిప్‌లెవల్

బెంచ్ అన్న చెప్పింది అంతా కరెక్టే. ర్యామ్ కొనేటప్పుడు మాత్రం ఒక చిక్కు ఉంటది సార్, అది తెల్వక చాలామంది పైసలు పోగొట్టుకుంటరు.

జీ41 బోర్డుకు 4 జీబీ డీడీఆర్3 స్టిక్ తెచ్చి పెడితే కొన్ని నడుస్తయి, కొన్ని నడవయి. కారణం చిప్‌ల సాంద్రత. స్టిక్‌కు రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉంటే ఒక్కో చిప్ 2 గిగాబిట్‌లది, దాన్ని జీ41 గుర్తుపడ్తది. ఒకే వైపు 8 చిప్‌లతో 4 జీబీ అయితే అది 4 గిగాబిట్ చిప్, జీ41 దాన్ని చదవలేదు. బీప్ కొట్టుకుంట కూసుంటది, లేకపోతే సగమే చూపిస్తది. ఇప్పుడు కొత్తగా దొరికేవి ఎక్కువ శాతం ఒకవైపు 8 చిప్‌లవే. అందుకని మీరు 4 జీబీ స్టిక్ జోలికి పోకుండా 2 జీబీ స్టిక్ ఒకటి ఇంకో స్లాట్‌ల పెట్టుకోండి, 2 ప్లస్ 2 అయితది, రెండు చానెళ్లూ పనిచేస్తయి. ఆన్‌బోర్డు గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటది కాబట్టి దానికీ కొంచెం లాభమే.

స్టిక్ మీద 1.35 వోల్ట్ అనో పీసీ3ఎల్ అనో ఉంటే అది తక్కువ వోల్టేజీ రకం. చాలా వరకు 1.5 మీద కూడా నడుస్తయి గని, వారంటీ లేని సెకండ్‌హ్యాండ్ మాల్ అయితే మామూలు పీసీ3 రకమే అడగండి.

జీ31 బోర్డులకు గరిష్ఠం 4 జీబీ డీడీఆర్2, స్లాట్‌కు 2 జీబీ. ఆన్‌లైన్‌ల 4 జీబీ డీడీఆర్2 అని చవుకగా కనిపిస్తది చూడండి, అది ఏఎండీ బోర్డుల కోసం చేసింది, ఇంటెల్ మీద లేవదు. నన్ను అడిగితే ఈ నాలుగింటి మీద కొత్త ఖర్చు వద్దు. నాలుగు 1 జీబీ స్టిక్‌లు ఉన్నయి కద, వాటిని రెండు బోర్డులకు జత చేయండి. 2 జీబీతోని రెండు సిస్టమ్‌లు నిలబడ్తయి, ఇంకో రెండు స్పేర్‌కు ఉంటయి.

ర్యామ్ పెట్టే ముందు బంగారు పిన్నులను పెన్సిల్ రబ్బరుతోని మెల్లగ రుద్ది, పొడి దులిపి పెట్టండి. గనుల దగ్గరి ఊర్లల్ల అయితే బొగ్గు దుమ్ము స్లాట్ లోపలికి కూడా పోతది, ముందు స్లాట్‌ను మెత్తటి బ్రష్‌తోని తుడవాలె. పెట్టినంక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ఒక పాస్ పూర్తిగా నడవనియ్యండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా ఆ స్టిక్ వాపస్ ఇయ్యండి. ర్యామ్ తప్పు ఉన్న సిస్టమ్‌ల లైనక్స్ ఇన్‌స్టాల్ మధ్యల ఆగుతది, ఒకసారి ఈ ఎర్రర్ ఇంకోసారి ఆ ఎర్రర్ వస్తది. అప్పుడు ఐఎస్‌ఓ (లైనక్స్ ఇన్‌స్టాల్ ఫైలు) చెడిపోయిందని మళ్ల మళ్ల డౌన్‌లోడ్ చేసుకుంట కూసుంటరు.


కాకతీయ_టక్స్

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఈ7500, ఈ5200 రెండూ 64 బిట్ ప్రాసెసర్లే, కాబట్టి 32 బిట్ ఐఎస్‌ఓ వైపు పోకండి. పాత సిస్టమ్ అంటే 32 బిట్ వేయాలనే సలహా ఇంకా చాలాచోట్ల తిరుగుతోంది, ఆ దారి మూసుకుపోతోంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో (చాలా లైనక్స్‌లకు మూలం ఇదే) 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా 145వ వెర్షన్ నుంచి 32 బిట్ లైనక్స్‌ను వదిలేసింది.

అలాగని 64 బిట్‌వి అన్నీ ఎక్కుతాయనుకోవద్దు. కోర్ 2 డ్యుయోలో ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ ఆదేశాలు లేవు. రెడ్‌హ్యాట్ 9, ఓపెన్‌సూసే లీప్ 16 లాంటివి అవి ఉండాల్సిందే అంటాయి. విండోస్ 11ను ఎవరైనా తనిఖీలు దాటించి ఎక్కిస్తామన్నా, 24హెచ్2 నుంచి అది ఈ ప్రాసెసర్ మీద బూట్ కూడా కాదు. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 7కు 2020 జనవరిలోనే. నెట్ కలిపి వాడే సిస్టమ్‌లకు లైనక్స్ తప్ప సరైన దారి లేదని నేను గట్టిగా అంటాను.

డెబియన్ కుటుంబం ఇంకా పాత 64 బిట్ ప్రాసెసర్లన్నిటినీ కలుపుకుని పోతోంది. మీకు నా ఎంపిక: 4 జీబీ చేసిన జీ41 సిస్టమ్‌లకు ఎంఎక్స్ లైనక్స్ 25, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో. 2 జీబీతో మిగిలే జీ31లకు యాంటీఎక్స్. ఎంఎక్స్ ఖాళీగా ఉన్నప్పుడు ముప్పావు జీబీ అటూఇటుగా వాడుకుంటుంది, యాంటీఎక్స్ అందులో మూడో వంతుతోనే సరిపెట్టుకుంటుంది. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ కూడా మంచిదే. అయినా ల్యాబ్‌కు ఎంఎక్స్ అనడానికి కారణం అందులోని స్నాప్‌షాట్ పనిముట్టు. దాని గురించి కింద చెప్తాను.

ఎంఎక్స్ 25లో సిస్టమ్‌డీ, సిస్‌వీఇనిట్‌లకు (సిస్టమ్‌ను లేపే రెండు పద్ధతులు) వేర్వేరు ఐఎస్‌ఓలు కనిపిస్తే సిస్టమ్‌డీది తీసుకోండి. దించాక షా256 (ఫైలు సరిగా దిగిందో చెప్పే సంఖ్య) సరిపోల్చండి, మన నెట్‌కు మధ్యలో తెగి సగం దిగిన ఫైలు మామూలే.

పెన్‌డ్రైవ్ చేయడానికి విండోస్‌లో రూఫస్ వాడితే పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్, టార్గెట్ బయోస్ అని పెట్టండి. జీపీటీ అని వదిలేస్తే ఈ బోర్డులు చాలా వరకు పెన్‌డ్రైవ్‌ను పట్టించుకోవు. పెన్‌డ్రైవ్ వెనక పోర్టులోనే పెట్టండి, ముందు పోర్టుల వైరు పాతబడి మధ్యలో డిస్కనెక్ట్ అవుతుంటుంది. కొన్ని బయోస్‌లలో పెన్‌డ్రైవ్ బూట్ జాబితాలో కనిపించదు. హార్డ్‌డిస్క్ ప్రయారిటీ అనే లోపలి మెనూలో ఉంటుంది, అక్కడ దాన్ని పైకి జరపాలి.

ఇన్‌స్టాల్ చేసేముందు లైవ్‌లోనే సౌండ్, నెట్, డిస్‌ప్లే రిజల్యూషన్ చూసుకోండి. విండోస్‌లోని ఫైళ్లు బయటి డిస్క్‌కు కాపీ అయ్యాకే డిస్క్ చెరపండి. గ్రబ్ (లైనక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రాము) ఎక్కడ వేయాలో అడిగినప్పుడు లోపలి డిస్క్ పేరు, సైజు చదివి ఎంచుకోండి. పొరపాటున పెన్‌డ్రైవ్ మీద పడితే, అది పెట్టినంతసేపు సిస్టమ్ బాగా లేస్తుంది, తీయగానే బూట్ డిస్క్ లేదంటుంది.

మొదటి సిస్టమ్ తయారయ్యాక రెండు ప్యాకేజీలు తప్పకుండా వేయండి. ఒకటి జీరామ్-టూల్స్. ఇది ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించిన స్వాప్‌గా (ర్యామ్ చాలనప్పుడు వాడే అదనపు చోటు) వాడుతుంది, నిండినప్పుడు డిస్క్ దాకా పోకుండా ఆపుతుంది. దాని సెట్టింగ్ ఫైలులో అల్గో దగ్గర ఎల్‌జెడ్4 అని, పర్సెంట్ దగ్గర 50 అని పెట్టండి. జెడ్‌ఎస్‌టీడీ ఎక్కువ కుదిస్తుంది కానీ ఈ ప్రాసెసర్లకు బరువు. స్వాపీనెస్ (స్వాప్‌ను ఎంత ఎక్కువగా వాడాలో చెప్పే సెట్టింగ్) 100కు పెంచండి. డిస్క్ స్వాప్‌కు తక్కువ పెట్టాలన్న పాత సలహా జీరామ్‌కు వర్తించదు.

రెండోది ఎర్లీఊమ్. ర్యామ్ అడుగంటినప్పుడు సిస్టమ్ మొత్తం బిగుసుకుపోయే ముందే, ఎక్కువ తింటున్న ప్రోగ్రామును ఆపేస్తుంది. పిల్లవాడి బ్రౌజర్ ట్యాబ్ పోతుంది, అంతే. పవర్ బటన్ నొక్కి పట్టుకునే అలవాటు ల్యాబ్‌లో పోతే డిస్క్‌లకు అదే పెద్ద మేలు.

ఇక స్నాప్‌షాట్. ఒక్క సిస్టమ్‌లో అన్నీ సర్దండి: లిబ్రే ఆఫీస్, థానీ (పైథాన్‌కు), టక్స్ పెయింట్, తెలుగు కీబోర్డు, ఫాంట్లు, ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్. తర్వాత ఎంఎక్స్ స్నాప్‌షాట్ తెరిచి ఖాతాలను అలాగే ఉంచమనే ఎంపికతో నడిపితే, మీ సర్దుబాట్లన్నీ ఉన్న కొత్త ఐఎస్‌ఓ తయారవుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి మిగతా ఆరింటికి అదే వేయండి. డిస్క్ సైజులు వేరైనా ఇబ్బంది లేదు, 320 నుంచి 120కి కూడా పోతుంది. ప్రతిచోటా కంప్యూటర్ పేరు మాత్రం వేరుగా ఇవ్వండి. ఐఎస్‌ఓ 4 జీబీ దాటకుండా డౌన్‌లోడ్స్, వీడియోలు ముందే తీసేయండి, దాటితే ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్ మీద పట్టదు.

క్లోనెజిల్లాతో డిస్క్‌ను యథాతథంగా కాపీ చేసే పద్ధతీ ఉంది. అందులో రెండు చిక్కులు. గమ్యం డిస్క్ చిన్నదైతే మామూలుగా ఒప్పుకోదు. రెండోది, మెషిన్-ఐడీ (సిస్టమ్‌ను గుర్తించే సంఖ్య) అన్నిట్లో ఒకటే అవుతుంది, దానివల్ల రౌటర్ ఒకే ఐపీని రెండు సిస్టమ్‌లకు ఇచ్చే అవకాశం ఉంది. ఒకదాని నెట్ వస్తే ఇంకోదానిది పోతుంటే మొదట ఇదే చూడాలి.

పిల్లలు సెట్టింగులు మార్చేస్తారనుకుంటే ఫ్రూగల్ ఇన్‌స్టాల్ అనే పద్ధతి ఉంది, ఎంఎక్స్‌లోనూ యాంటీఎక్స్‌లోనూ. లైవ్ సిస్టమ్‌నే డిస్క్ మీద పెట్టి పర్సిస్టెన్స్ (మార్పులు దాచుకోవడం) లేకుండా బూట్ చేయడం. రీస్టార్ట్ చేస్తే పొద్దున ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఫైళ్లు దాచుకోవడానికి వేరే పార్టిషన్ ఇవ్వాలి, లేకపోతే పిల్లల పని కూడా పోతుంది. ఇది 4 జీబీ సిస్టమ్‌లకే, 2 జీబీ వాటికి వద్దు, మార్పులన్నీ ర్యామ్‌లోనే కూర్చుంటాయి.


నర్సంపేట_ల్యాబ్

చాలా ఉపయోగపడే వివరాలు, అందరికీ ధన్యవాదాలు. జీ41 ఏడింట్లో రెండు డిస్క్‌ల 197 విలువ సున్నా కాదు, అవి తీసేస్తాం. ఒకదానికి 199 పెద్ద అంకె ఉంది, కేబుల్ మారుస్తాం. ఇంకో మూడు సందేహాలు. తెలుగు టైపింగ్‌కు ఇక్కడ అందరికీ డీటీపీలో వాడే అను ఫాంట్లు, ఆపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ అలవాటు, లైనక్స్‌లో కుదురుతుందా? ప్రింటర్లు రెండూ పనిచేస్తాయా? పాఠాల వీడియోలు తెరిస్తే ఆగి ఆగి వస్తున్నాయి, దానికేం చేయాలి?


జమ్మికుంట_డీటీపీ

టైపింగ్ గురించి చెప్తాను సార్. కీబోర్డును, ఫాంటును విడదీసి చూడాలి. ఆపిల్ లేఅవుట్ వేళ్లకు అలవాటైనవాళ్లు దాన్ని వదులుకోనక్కర్లేదు. సినాప్టిక్‌లో (ప్యాకేజీలు వేసే ప్రోగ్రాము) భాషల టైపింగ్‌కు ఐబస్, ఐబస్-ఎం17ఎన్ వేసి, లాగౌట్ అయి లాగిన్ అవ్వండి. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ మెథడ్ జాబితాలో తెలుగు కింద ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, పోతన కనిపిస్తాయి. సూపర్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఆపిల్‌లో అక్షరాలు యూనికోడ్‌గా (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక రూపంలో) వస్తాయి, అను మేనేజర్‌లో నొక్కిన కొన్ని ప్రత్యేక ఆకారాల కీలు మాత్రం ఇందులో ఉండవు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మాత్రం ఇన్‌స్క్రిప్టే నేర్పండి. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ అదే ఉంటుంది, పైగా హల్లులు కుడిచేతికి, అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి వస్తాయి కాబట్టి త్వరగా పట్టుబడుతుంది.

అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు వేరే సంగతి. అవి యూనికోడ్ కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. లిబ్రే ఆఫీస్ డ్రా, డీటీపీలో వాడే పేజ్‌మేకర్ ఫైలును తెరుస్తుంది కానీ, ఫాంటు లేక గజిబిజి అక్షరాలే కనిపిస్తాయి. అవసరమైన పాఠాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒత్తులు, పొల్లులు కళ్లతో చదివి సరిచేయాలి. కొత్త పని పేజ్‌మేకర్‌లోనే కావాలంటే ఒక్క విండోస్ సిస్టమ్ నెట్ లేకుండా ఉంచుకోండి. వైన్‌లో (లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపేది) తంటాలు పడటం దండగ.

ఆఫీసుల నుంచి వచ్చే వర్డ్ ఫైళ్లలో గౌతమి ఫాంటు ఉంటుంది, లైనక్స్‌లో అది ఉండదు కాబట్టి పేజీలు జరుగుతాయి. లిబ్రే ఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, ఫాంట్స్ దగ్గర రీప్లేస్‌మెంట్ పట్టికలో గౌతమికి బదులు లోహిత్ తెలుగు అనో నోటో సాన్స్ తెలుగు అనో పెట్టండి. లాంగ్వేజ్ సెట్టింగుల్లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేసి తెలుగు ఎంచుకోండి. ఇది చేయకపోతే ఫాంటు సైజు మార్చినా తెలుగు అక్షరాలు కదలవు, ఇంగ్లిష్ ఒక్కటే పెరుగుతుంది. నోటిసులకు, శీర్షికలకు మండలి, రామభద్ర, పొన్నల, ఎన్‌టీఆర్ లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి.

ప్రింటర్లలో హెచ్‌పీ 1020 నడుస్తుంది. దాని ఫర్మ్‌వేర్ ప్రింటర్‌లో నిలవదు, స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ పంపాలి. హెచ్‌పీలిప్ (హెచ్‌పీ ప్రింటర్ల లైనక్స్ డ్రైవర్) వేసి, హెచ్‌పీ-సెటప్ నడిపి, అది అడిగిన ప్లగిన్ దించుకోండి, ఆ సమయానికి నెట్ ఉండాలి. ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీలిప్ వెర్షన్ ఒకటే కావాలి. అప్‌డేట్ తర్వాత ఉన్నట్టుండి ప్రింటర్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే ప్లగిన్ మళ్లీ వేస్తే సరి.

కెనాన్ 2900బీతో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అది క్యాప్ట్ అనే కెనాన్ సొంత పద్ధతిలో పనిచేస్తుంది. కంపెనీ లైనక్స్ డ్రైవర్ పాతది, 64 బిట్ సిస్టమ్‌లో 32 బిట్ లైబ్రరీలు అడుగుతుంది, ఒకరోజు ప్రింట్ ఇచ్చి మరుసటి రోజు ఆగుతుంది. దాన్ని ఆ విండోస్ సిస్టమ్‌కే కట్టేసి, మిగతావాటి నుంచి పీడీఎఫ్‌గా పంపి ప్రింట్ తీసుకోండి.

ఇంకొకటి. ఆధార్ వేలిముద్ర యంత్రం, టాలీ, డిజిటల్ సంతకం టోకెన్ పని ఏ సిస్టమ్‌లో జరుగుతుందో దాన్ని ముట్టుకునే ముందు ఆయా పరికరాల లైనక్స్ డ్రైవర్ సంగతి తేల్చుకోండి. టాలీ విండోస్‌దే.


కాకతీయ_టక్స్

వీడియోల సంగతి. యూట్యూబ్ వీడియోలను మామూలుగా వీపీ9, ఏవీ1 అనే కుదింపు రూపాల్లో పంపుతుంది. జీ41లోని ఎక్స్4500 గ్రాఫిక్స్‌కు అవి విప్పే సామర్థ్యం లేదు, బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్‌హాన్స్‌డ్ హెచ్264ఫై అనే యాడాన్ వేసి, వీపీ9, ఏవీ1 రెండూ ఆపేయండి, అప్పుడు హెచ్264 వస్తుంది. నాణ్యత 480పీ దగ్గర నిలపండి. టీ-శాట్ పాఠాల్లో బోర్డు మీద రాత చదవడానికి అది చాలు. ఈ7500 దీన్ని తేలిగ్గా లాగుతుంది, ఈ5200 ఫుల్ స్క్రీన్‌లో కొంచెం ఆయాసపడుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో కంపోజిటర్ (కిటికీల నీడలు, పారదర్శకత చూపించేది) ఆపేస్తే కొంత తేడా వస్తుంది.

ఒకేసారి పదిమంది చూస్తే స్కూల్ నెట్ కూడా ఆగుతుంది. అలాంటప్పుడు ప్రొజెక్టర్ మీద ఒక్క సిస్టమ్‌తో చూపించడమే మేలు. చదువుకునే సమాచారం కోసం, నెట్ లేకుండా వికీపీడియా చూపించే కీవిక్స్ పెట్టుకోండి. తెలుగు వికీపీడియా మొత్తం ఒక జిమ్ ఫైలుగా దొరుకుతుంది. ఒక సిస్టమ్‌లో కీవిక్స్-సర్వ్ నడిపితే మిగతావాటి బ్రౌజర్లలో నెట్ లేకుండానే తెరుచుకుంటుంది. అదే సిస్టమ్‌లో ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ కూడా వేస్తే, అప్‌డేట్లు ఒక్కసారి దిగి అందరికీ అందులోంచే పోతాయి. మిగతావాటి ప్రాక్సీలో దాని ఐపీ, పోర్టు 3142 ఇస్తే సరిపోతుంది. ఈ రెంటికీ ఎస్‌ఎస్‌డీ వేసిన, యూపీఎస్ ఉన్న సిస్టమ్‌నే ఎంచుకోండి. 600 వీఏ యూపీఎస్‌లలో ఉండేది 12 వోల్టుల 7 యాంపియర్-అవర్ బ్యాటరీ, డబ్బా పనిచేస్తుంటే బ్యాటరీ ఒక్కటి మారిస్తే చాలు.


నర్సంపేట_ల్యాబ్

రెండు సిస్టమ్‌లకు ఎంఎక్స్ ఎక్కింది, ఒకటి చక్కగా ఉంది. రెండోదాంట్లో ఫైర్‌ఫాక్స్ ఏ సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదంటోంది. అప్‌డేట్ చేస్తే రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వాలిడ్ యెట్ అని వస్తోంది. నెట్ బాగానే ఉంది, పింగ్ పోతోంది.


ఖని_చిప్‌లెవల్

సార్, మూలకు గడియారం చూడండి, 2009 లేకపోతే ఇంకేదో పాత సంవత్సరం చూపిస్తుంటది. బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయింది. తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్ల గడువు కలవదు, రిపాజిటరీ ఫైలు తేదీ కూడా రేపటిది అనుకుంటది. మల్టీమీటర్ పెట్టి చూడండి, కొత్త సెల్ 3 వోల్టులు ఇస్తది, 2.7 కన్న తక్కువ ఉంటే తీసేయండి. ప్లగ్ పీకినంకనే సెల్ మార్చండి, ప్లస్ వైపు పైకి.

మార్చినంక బయోస్‌ల తేదీ పెట్టి, బూట్ వరుసల లోపలి డిస్క్ మొదలు ఉందా చూడండి, సెల్ తీస్తే అన్ని డీఫాల్ట్‌కు పోతయి. ఎంఎక్స్ లోపల టైమ్‌జోన్ ఆసియా-కోల్‌కతా పెట్టి, నెట్ టైమ్ ఆన్ చేయండి. అది అయినంక అప్‌డేట్ మళ్లొకసారి నడిపితే ఎర్రర్ రాదు. మిగతా అన్ని బోర్డుల సెల్‌లు కూడా అదే వయసువి కాబట్టి మూతలు తెరిచి ఉన్నప్పుడే అన్నిటికి కలిపి మార్చుకోండి.